పిట్యూటరీ గడ్డకి ముక్కులోంచి ఆపరేషన్ అన్నారా? ఇంట్లోవాళ్లు చేసుకోవాల్సిన పనులు ఇవి

మాది కావలి దగ్గర పల్లె. రెండేళ్ల కిందట మే నెలలో మా అమ్మకి మద్రాసులో పిట్యూటరీ గడ్డ తీశారు. అప్పట్నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఎంఆర్ఐ రిపోర్టు వాట్సాప్‌లో పంపించి "అన్నా, మాక్కూడా ఇదే అంటున్నారు, ఏం చేయమంటావు" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో గంటసేపు చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మందులూ డోసులూ మీ డాక్టరు రాసిన ప్రకారమే వాడండి. గడ్డ తీయడం సర్జన్లు చూసుకుంటారు. అంతకుముందు పరీక్షలు సరిగ్గా చేయించడం, ఇంటికి తెచ్చుకున్నాక మొదటి రెండు వారాలు నీళ్లు, ఉప్పు (రక్తంలో ఉండే సోడియం), స్టెరాయిడ్ మాత్ర, ఈ మూడింటినీ కనిపెట్టుకుని ఉండటం మాత్రం మన పని. మేం తప్పు చేసింది అక్కడే.

ముందుగా అసలిదేంటో తెలుసుకోండి

పిట్యూటరీ అంటే బఠానీ గింజంత గ్రంథి. పుస్తకాల్లో పీయూష గ్రంథి అని ఉంటుంది. ముక్కు వెనకాల, మెదడుకి సరిగ్గా కింద, ఎముకలో ఉన్న చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. థైరాయిడ్, అడ్రినల్ (కిడ్నీల మీద ఉండే గ్రంథులు), నెలసరి, పాలు, ఎదుగుదల, ఒంట్లో నీళ్ల లెక్క, అన్నిటినీ నడిపేది అదే. దాని నెత్తిమీద రెండు కళ్ల నరాలూ కలిసి దాటుకునే చోటు ఉంటుంది, అటూ ఇటూ మెదడుకి వెళ్లే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. అందుకే గడ్డ చిన్నదే అయినా అంత జాగ్రత్త.

ఇక్కడ వచ్చే గడ్డల్లో చాలా ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. రిపోర్టులో అడినోమా అని రాస్తారు, ఈమధ్య పిట్‌నెట్ అని కూడా రాస్తున్నారు, రెండూ ఒకటే, భయపడొద్దు. 10 మిల్లీమీటర్ల లోపుంటే మైక్రో, 10 గానీ ఆపైన గానీ ఉంటే మ్యాక్రో. అమ్మది 26 మిల్లీమీటర్లు.

కొన్ని గడ్డలు ఏదో ఒక హార్మోన్‌ని ఎక్కువగా తయారు చేస్తాయి. ప్రొలాక్టిన్ ఎక్కువైతే ఆడవాళ్లకి నెలసరి ఆగిపోతుంది, బిడ్డ లేకపోయినా పాలు వస్తాయి. మగవాళ్లకి కోరిక తగ్గిపోతుంది, వాళ్లు ఎవరికీ చెప్పుకోరు కాబట్టి గడ్డ పెద్దదయ్యేదాకా బయటపడదు. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే చెప్పుల సైజు పెరుగుతుంది, ఉంగరం వేలికి పట్టేస్తుంది, దవడ ముందుకొస్తుంది, గురక, షుగరు, బీపీ మొదలవుతాయి. ఇదంతా ఏళ్ల తరబడి మెల్లగా జరిగేది కాబట్టి రోజూ చూసే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేరు, పదేళ్ల కిందటి పెళ్లి ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని నడిపే హార్మోన్) ఎక్కువైతే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట మీద ఊదారంగు చారలు పడతాయి, కొంచెం తగిలినా ఒళ్లు కమిలిపోతుంది, కింద కూర్చుంటే లేవడానికి తొడల్లో బలం ఉండదు. ఏ హార్మోనూ ఎక్కువ చేయని గడ్డలూ ఉంటాయి. అవి చప్పుడు చేయకుండా పెరిగి కళ్ల నరాలని కింద నుంచి నొక్కుతాయి. అమ్మది అదే రకం.

పక్క చూపు ఇంట్లోనే చూసుకోండి

ఇది గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా అమ్మకి ఒక్క ఏడాదిలో రెండుసార్లు కళ్లజోడు మార్చారు. ఊరి పేరు, క్లినిక్ పేరు ఎందుకులే గానీ, రెండుసార్లూ ఎదురుగా ఉన్న అక్షరాలు చదివించి పంపించేశారు. ఆ అక్షరాలు అమ్మ బాగానే చదివేది. ఎదురుగా కనిపిస్తుంది, పోయింది పక్క చూపు. అన్నం వడ్డించేటప్పుడు వరస చివర్లో కూర్చున్న మా తమ్ముడి కంచం వదిలేసేది, "వీడికి పెట్టలేదేమే" అని నాయన అంటే తల పూర్తిగా తిప్పి చూసి అప్పుడు పెట్టేది. గుమ్మానికి భుజం కొట్టుకునేది. ట్రంకు రోడ్డు దాటుతుంటే బండి గాలిలోంచి ఊడిపడ్డట్టు వచ్చేసింది అనేది. మేం వయసనుకున్నాం.

మీరు ఇలా చేసి చూడండి. మనిషిని ఎదురుగా ఒక బారెడు దూరంలో కూర్చోబెట్టండి. ఆవిడ ఎడమ కన్ను మూసుకుంటే మీరు మీ కుడి కన్ను మూసుకోండి, ఇద్దరూ ఒకరి కన్ను ఒకరు చూస్తూ ఉండాలి, చూపు కదపకూడదు. మీ వేలు ఆడిస్తూ బయటి వైపు నుంచి మెల్లగా లోపలికి తీసుకురండి. మీకు కనిపించిన చాలాసేపటికి గానీ ఆవిడకి కనిపించకపోతే ఇంక ఆలస్యం చేయకండి. రెండో కన్ను కూడా ఇలాగే. కుడి కంటికి కుడి పక్క, ఎడమ కంటికి ఎడమ పక్క తగ్గిందంటే పిట్యూటరీ దగ్గర నొక్కుతోందేమోనని డాక్టర్లు మొదట అనుమానిస్తారు. కంటి ఆస్పత్రిలో ఫీల్డ్ టెస్ట్ కావాలని పేరు పెట్టి అడగండి, తల పెట్టి వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష అది.

ఒకవేళ ఉన్నట్టుండి ఇంతకుముందెప్పుడూ ఎరగనంత తలనొప్పి, వాంతులు, చూపు తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, రెప్ప వాలిపోవడం వస్తే గడ్డలో రక్తం చిమ్మి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగే విషయం కాదు, 108కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ అనగానే ఒప్పుకోకండి, ప్రొలాక్టిన్ చూశారా అని అడగండి

ప్రొలాక్టిన్ గడ్డలకి మామూలుగా మొదటి వైద్యం మాత్రలే. క్యాబర్గోలిన్ అని వారానికి ఒకటి రెండు సార్లు వేసుకునే మాత్ర, దాంతోనే చాలామందికి గడ్డ కరిగి చిన్నదవుతుంది, నెలసరి తిరిగి వస్తుంది, పిల్లలు పుడతారు. పిల్లల కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లలో కూడా కొందరికి అసలు విషయం ఇదే అయి ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్రొలాక్టిన్ కొంచెం పెరిగినంత మాత్రాన అది ప్రొలాక్టిన్ గడ్డ అని కాదు. వేరే రకం పెద్ద గడ్డ పిట్యూటరీ కాడని నొక్కినా కొంత పెరుగుతుంది. కడుపుతో ఉన్నా, థైరాయిడ్ తక్కువున్నా పెరుగుతుంది. ఇంకోటి, మనవాళ్లు గ్యాస్‌కని పొద్దున్నే పరగడుపున వేసుకునే క్యాప్సూల్ ఉంది చూడండి, దాంట్లో డోమ్‌పెరిడోన్ గానీ లెవోసల్‌పిరైడ్ గానీ కలిపి ఉంటే దాంతోనే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీలు మాత్రమే సరిపోవు, ఇంట్లో వాడే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. గడ్డ మరీ పెద్దగా ఉండి ప్రొలాక్టిన్ తక్కువ చూపిస్తే, శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ చూడమని అడగండి, మరీ ఎక్కువున్నప్పుడు మిషను తక్కువగా చూపించే సందర్భాలు ఉన్నాయి.

చిన్న గడ్డ, హార్మోన్లన్నీ సరిగ్గా ఉన్నాయి, చూపు బాగుంది అంటే ఏమీ చేయకుండా ఆరు నెలలకో ఏడాదికో ఎంఆర్ఐ తీసి చూస్తూ ఉండటం కూడా వైద్యమే. ఆపరేషన్ కావాల్సింది ముఖ్యంగా చూపు దెబ్బతింటున్నవాళ్లకి, గ్రోత్ హార్మోన్ గడ్డలకి, ఏసీటీహెచ్ గడ్డలకి, మాత్రలకి లొంగని ప్రొలాక్టిన్ గడ్డలకి.

పరీక్షలు, ఫైలు

మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐ చాలదు. పిట్యూటరీ ఎంఆర్ఐ, మందు ఎక్కించి, సన్న ముక్కలుగా తీసింది కావాలి. మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) చూస్తారు. ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి, పెద్దాస్పత్రిలో సర్జన్ కంప్యూటర్లో వేసుకుని చూసేది దాన్నే, లేకపోతే మళ్లీ తీయమంటారు, ఆ డబ్బులు దండగ. ముక్కు ఎముకల కోసం సీటీ స్కాన్ కూడా అడుగుతారు.

రక్తం: ఉదయం 8 గంటలకి కార్టిసోల్ (అడ్రినల్ తయారుచేసే, ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్), దాంతో పాటు ప్రొలాక్టిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, గ్రోత్ హార్మోన్ లెక్క తెలియడానికి ఐజీఎఫ్-1, సోడియం, ఇంకా వయసుని బట్టి మిగతావి. కార్టిసోల్ ఎనిమిదింటికే ఎందుకంటే అది పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గే హార్మోన్, మధ్యాహ్నం తీసిన రిపోర్టుతో లెక్క తేలదు. నెల్లూరులో ల్యాబ్ దగ్గర ఏడున్నరకే ఉండేలా మేం ముందురోజు రాత్రే వెళ్లి మేనమామ వాళ్లింట్లో పడుకున్నాం.

రెండు విషయాలు దాచొద్దు. ఒకటి, కీళ్ల నొప్పులకి ఆర్ఎంపీ దగ్గర వేయించుకున్న సూదులు, పొట్లాల్లో ఇచ్చే నాటు పొడులు. వాటిల్లో స్టెరాయిడ్ ఉంటే కార్టిసోల్ రిపోర్టు తారుమారైపోతుంది. రెండు, గుండెకి వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. కార్టిసోల్, థైరాయిడ్ రెండూ తక్కువగా ఉంటే ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టి ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇస్తారు. వరస తిరగబడితే ప్రాణం మీదికి వస్తుంది. దగ్గర్లో ఎవరైనా టీ4 తక్కువుందని చూసి వెంటనే థైరాయిడ్ మాత్ర రాస్తే "కార్టిసోల్ కూడా తక్కువుంది, చూడండి" అని రిపోర్టు ముందుపెట్టండి, మొహమాటపడొద్దు.

ఎక్కడికి వెళ్లాలి

నెల్లూరు, ఒంగోలు వాళ్లకి దారులు చాలా ఉన్నాయి. గూడూరు దాటితే ఒక లైను మద్రాసుకి, ఒకటి రేణిగుంట వైపు. తిరుపతి స్విమ్స్, వేలూరు సీఎంసీ ఆ దారిన. ఒంగోలు పైవాళ్లకి మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాద్ నిమ్స్. వేలూరు సంగతి చెప్పాలంటే, 1949లో డాక్టర్ జాకబ్ చాందీ మన దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టింది అక్కడే, అందుకే మన వైపు పెద్దవాళ్లు తలకాయ జబ్బు అంటే ఇప్పటికీ వేలూరు అంటారు.

పేరు చూసి కాకుండా ఈ ప్రశ్నలు అడిగి తేల్చుకోండి. ఇక్కడ పిట్యూటరీ ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు? న్యూరోసర్జన్, ఈఎన్‌టీ సర్జన్ ఇద్దరూ కలిసి చేస్తారా? ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఈ ఆస్పత్రిలోనే ఉంటారా? తేడా వస్తే రాత్రిపూట ఏ నంబరుకి ఫోన్ చేయాలి? ఎక్కువ చేసే చోట ఫలితాలు బాగుంటాయి, ఇది అన్ని దేశాల్లోనూ డాక్టర్లు ఒప్పుకునే మాటే. గడ్డ మొత్తం వస్తుందా అని కూడా అడగండి. పక్కనున్న రక్తనాళం చుట్టూ అల్లుకుని ఉంటే అక్కడ కొంచెం వదిలేస్తారు, అది చేతకాక కాదు, ప్రాణం కోసం. మిగిలినదానికి మందులో, గామా నైఫ్ రేడియేషనో ఉంటుంది.

డబ్బుల విషయం. మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే అడ్మిట్ అయ్యేముందే ఆస్పత్రిలో ఆ డెస్కు దగ్గర అడగండి, 104కి ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు. పక్క రాష్ట్రాల ఆస్పత్రులన్నిటికీ వర్తించదు. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవాలంటే ఒరిజినల్ బిల్లులు కావాలి, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పంపించాలి. ఒక్క బిల్లు కూడా పారేయకండి.

ఆపరేషన్ అంటే ఏం చేస్తారు

"గుండు చేస్తారా? పుర్రె కోస్తారా?" మా ఊళ్లో అందరూ అడిగింది ఇదే. చాలామందికి అవేమీ ఉండవు. మాకు సర్జన్ గారు ఓపీ చీటీ వెనకాల పెన్నుతో బొమ్మ గీసి చూపించారు. ముక్కు రంధ్రంలోంచి 4 మిల్లీమీటర్ల లావున్న కెమెరా గొట్టం పెడతారు, టీవీలో చూస్తూ చేస్తారు. ముక్కు లోపల వెనక చివర స్ఫీనాయిడ్ అనే గాలి గది ఉంటుంది, దాని గోడ తెరిస్తే వెనకాల పిట్యూటరీ కూర్చున్న గుంట అడుగు కనిపిస్తుంది. ఆ పలచటి ఎముకని తొలిచి, పైపొర కోసి, గడ్డని చిన్న చిన్న గరిటెల్లాంటి పనిముట్లతో గీకి తీస్తారు. మెత్తటి గడ్డయితే గొట్టంతో పీల్చేస్తారు కూడా. మెదడు చుట్టూ ఉండే నీరు కారే అవకాశం ఉంటే తొడలోంచి గానీ పొట్టలోంచి గానీ కొంచెం కొవ్వు తీసి అడ్డం పెట్టి, ముక్కులోని మెత్తటి పొరనే మడిచి పైన కప్పుతారు. అమ్మకి తొడ మీద రెండంగుళాల కుట్టు చూసి "ముక్కు ఆపరేషన్ అని తొడ ఎందుకు కోశారు" అని నాయన గాభరాపడ్డాడు, అందుకే మీకు ముందే చెప్తున్నా.

ముక్కు దారి కొత్తదేం కాదు, 1907లో ఆస్ట్రియాలో హెర్మన్ ష్లోఫర్ అనే సర్జన్ మొదటిసారి చేశాడు. అప్పట్లో ముక్కుని పక్కకి కోసి తిప్పి చేసేవాళ్లు, కెమెరా గొట్టాలతో చేయడం 1990ల నుంచి పెరిగింది. గడ్డ మరీ పక్కలకి, పైకి పాకిపోతే మాత్రం పుర్రె తెరిచే చేయాలి. పుర్రె అడుగున వచ్చే గడ్డలన్నీ కూడా ఈ దారిన రావు. ఉదాహరణకి చెవి నరం మీద వచ్చే గడ్డకి చెవి వెనక నుంచి వెళ్తారు. ఒక చెవికి మాత్రమే వినికిడి తగ్గుతూ, ఫోన్ ఎప్పుడూ రెండో చెవికే పెట్టుకుంటున్నారంటే దాన్ని చూపించుకోండి.

వెళ్లేముందు: జలుబు, చీము, సైనస్ ఉంటే చెప్పండి, వాయిదా వేస్తారు. గురక బాగా ఉంటే చెప్పండి, మత్తు డాక్టరుకి అది ముఖ్యం. నోటితో గాలి పీల్చడం నాలుగు రోజులు అలవాటు చేయించండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ముక్కులో దూది దూర్చి ఉండగా కళ్లు తెరిచినప్పుడు ఊపిరాడట్లేదని మనిషి కంగారుపడిపోతుంది. అమ్మకి ఎవరూ చెప్పలేదు, మొదటి గంట నా చెయ్యి వదల్లేదు.

వార్డులో

మొదటి ఒకటి రెండు రోజులు ఐసీయూలో గంట గంటకీ మూత్రం కొలుస్తారు. పిట్యూటరీ వెనక భాగం కదిలినందువల్ల నీళ్లని ఆపే హార్మోన్ తగ్గితే మూత్రం నీళ్లలా ధారగా పోతుంది, దాహం ఆగదు. గంటకి 250, 300 మిల్లీలీటర్లు వరసగా రెండు మూడు గంటలు దాటితే సిస్టర్‌కి చెప్పండి. ఆ హార్మోన్‌కి బదులుగా డెస్మోప్రెసిన్ అనే మందు ఇస్తారు, చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. మూత్రం ఎంత, తాగింది ఎంత అనేది మీరు కూడా ఒక నోటు పుస్తకంలో టైముతో సహా రాసుకోండి.

రెండో రోజు పొద్దున అమ్మ మంచం మీద పడుకుని పైకి చూస్తోంది. ఎడమ పక్కన సిస్టర్ సెలైన్ మారుస్తోంది. అమ్మ తల తిప్పలేదు, "ఆ పిల్ల చేతికి ఎర్ర దారం కట్టుకుంది చూడు" అంది. సిస్టర్ చేతికి నిజంగానే ఎర్ర దారం ఉంది. నేను బయటికి వెళ్లి వరండాలో కూర్చుని ఏడ్చాను. నొక్కుడు పోయాక చూపు కొందరికి ఇలా గంటల్లోనే తిరిగొస్తుంది, కొందరికి నెలలు పడుతుంది, చాలాకాలం నలిగిన నరమైతే పూర్తిగా రాకపోవచ్చు. అందుకే ఆలస్యం చేయొద్దని పైన అంతగా చెప్పింది.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు

ఇదే అసలు భాగం, నిదానంగా చదవండి.

ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకూడదు, నోరు బాగా తెరిచి తుమ్మాలి. వంగి బిందె ఎత్తకూడదు, ముగ్గు వేయకూడదు, కింద పడింది కావాలంటే ఇంకొకరు తీసివ్వాలి. మలబద్ధకం రాకుండా రాసిచ్చిన సిరప్ మానకుండా వేయండి, ముక్కితే లోపల పెట్టిన అతుకు మీద ఒత్తిడి పడుతుంది. కుదిరితే కొన్నాళ్లు కుర్చీ లాంటి కమోడ్ పెట్టండి. తల కింద రెండు దిండ్లు. స్ట్రాతో తాగకూడదు. మన ఇళ్లల్లో పెద్ద సమస్య తాలింపు: ఎండుమిర్చి ఘాటు వంటింట్లోంచి వస్తే వరసగా పది తుమ్ములు వస్తాయి, తాలింపు పెట్టేటప్పుడు మనిషిని ఇంకో గదిలో కూర్చోబెట్టి తలుపు వేయండి. పొగాకు బ్యారన్ల వైపు, మిరప కల్లాల వైపు వెళ్లనివ్వకండి. ఆవిరి పట్టడం, ముక్కులో నూనె చుక్కలు, ఎవరో చెప్పిన జలనేతి, ఏదీ సొంతంగా చేయొద్దు. డాక్టరు ఉప్పునీటి స్ప్రే ఎప్పుడు మొదలుపెట్టమంటే అప్పుడే. గురకకి రాత్రిపూట మిషను పెట్టుకునేవాళ్లు ఉంటే మళ్లీ ఎప్పటి నుంచి పెట్టుకోవచ్చో అడిగి తెలుసుకోండి. వాసన, రుచి కొన్ని వారాలు సరిగ్గా ఉండవు. చేపల పులుసు చప్పగా ఉందని అమ్మ రెండు నెలలు అంది, తర్వాత సర్దుకుంది.

తల ముందుకు వంచినప్పుడు ముక్కులోంచి తేటగా నీళ్లలా బొట్లు బొట్లుగా కారుతున్నా, గొంతులోకి ఉప్పగా జారుతున్నట్టున్నా అది జలుబు అనుకోవద్దు, మెదడు చుట్టూ ఉండే నీరు అయి ఉండొచ్చు. పడుకోబెట్టి సర్జన్‌కి ఫోన్ చేయండి. దాంతో జ్వరం, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం కలిస్తే ఇంక ఇంట్లో ఉండొద్దు.

ఇప్పుడు మేం చేసిన తప్పు. అయిదో రోజు డిశ్చార్జి చేసి పంపించారు. ఎండలు మండిపోతున్నాయి. మా పిన్ని ప్రేమ కొద్దీ గంటకోసారి మజ్జిగ, బార్లీ నీళ్లు, కొబ్బరి బొండాలు, "తాగక్కా, ఒంట్లో వేడి తగ్గుతుంది" అని పట్టుకొచ్చి ఇస్తూనే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అదే మాట. ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజు పొద్దున అమ్మకి వికారం, తలనొప్పి. మధ్యాహ్నం నన్ను మా తమ్ముడి పేరుతో పిలిచింది. సాయంత్రానికి కూర్చోబెడితే ఒరిగిపోతోంది. దగ్గర్లో క్లినిక్‌కి తీసుకెళ్తే ఎండ దెబ్బ, నీరసం అని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించారు. ఇంకా మత్తుగా అయిపోయింది. మద్రాసు నంబరుకి ఫోన్ చేస్తే అవతల ఉన్న డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "సోడియం ఎంత?" మేం చూపించలేదు. రాత్రికి రాత్రి నెల్లూరు తీసుకెళ్లి చూపిస్తే 121. మామూలుగా 135 నుంచి 145 ఉండాలి.

ఎందుకలా అయిందంటే, ఆపరేషన్ అయిన నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా, కొందరికి ఇంకా తర్వాత కూడా, నీళ్లని ఆపే హార్మోన్ నిల్వని పిట్యూటరీ ఒక్కసారిగా వదిలేస్తుంది. అప్పుడు తాగిన నీళ్లు మూత్రంగా పోవు, ఒంట్లోనే ఉండిపోయి రక్తంలో సోడియంని పలచన చేస్తాయి. ఎంత తాగిస్తే అంత పడిపోతుంది. ఉప్పు లేని గ్లూకోజ్ బాటిల్ కూడా నీళ్ల కిందే లెక్క. మా పిన్నిని నేను ఒక్క మాట కూడా అనలేదు, ఆవిడ చేసింది మనందరం చేసేదే. నెల్లూరులో నీళ్లు తగ్గించి, మెల్లగా మూడు రోజుల మీద పెంచారు. సోడియంని గబగబా పెంచితే మెదడుకి హాని, అందుకని నిదానమే మంచిది, "ఇంకా ఎందుకు పెరగలేదు" అని డాక్టర్లని తొందరపెట్టకండి.

కాబట్టి ఇలా చేయండి. డిశ్చార్జి అయ్యేటప్పుడు "రోజుకి ఎన్ని లీటర్లు తాగాలి, ఎన్ని లీటర్లు దాటకూడదు" అని అడిగి సమ్మరీ మీద రాయించుకోండి. ఆ లెక్కకి సరిపడా నీళ్లు పొద్దున్నే సీసాల్లో పోసి పక్కన పెట్టండి, మజ్జిగ, టీ, బొండం కూడా అందులోంచి తీసేయాలి. వచ్చిన చుట్టాలకి గుమ్మంలోనే చెప్పేయండి. ఏడో రోజు దగ్గర దగ్గరగా ఒకసారి, డాక్టరు చెప్తే ఇంకోసారి, బాగున్నా సరే సోడియం పరీక్ష చేయించండి, కావలిలో అయినా కందుకూరులో అయినా ల్యాబుల్లో చేసే మామూలు పరీక్షే అది. వికారం, తలనొప్పి, మాట తడబాటు, అయోమయం, ఫిట్స్ వస్తే ఆ నిమిషానే. దీనికి తిరగబడి, మూత్రం ధారలుగా పోతూ దాహం ఆగకపోతే మాత్రం నీళ్లు ఆపొద్దు, అది పైన వార్డు దగ్గర చెప్పిన సమస్య, దాంట్లో సోడియం పెరుగుతుంది. రెండింటికీ తేడా తేల్చేది ఆ ఒక్క రక్తపరీక్ష, మీ నోటు పుస్తకం.

స్టెరాయిడ్ మాత్ర

స్టెరాయిడ్ అంటే మనవాళ్లకి భయం, కొంచెం బాగవగానే ఆపేస్తారు. ఇక్కడ అది మందు అనుకోవద్దు, ఒంట్లో తయారవ్వాల్సిన కార్టిసోల్ తయారవ్వక బయట నుంచి ఇస్తున్నది. డాక్టరు మళ్లీ ఎనిమిది గంటల కార్టిసోల్ చూసి ఆపమనేదాకా ఒక్క పూట కూడా మానకూడదు. ఉపవాసం రోజైనా, తిరపతి ప్రయాణమైనా. జ్వరం వస్తే, పళ్లు పీకించుకోవాల్సి వస్తే డోసు ఎంత పెంచాలో ముందే రాయించుకోండి, మామూలుగా రెట్టింపు చేయమంటారు. వాంతులై మాత్ర లోపల నిలవకపోతే ఇంజెక్షనే దిక్కు, ఆలస్యమైతే బీపీ పడిపోతుంది. ఇంట్లో ఎప్పుడూ పదిహేను రోజుల మాత్రలు అదనంగా ఉంచండి, ఈ స్టెరాయిడ్ మాత్ర, హైడ్రోకార్టిసోన్, మన పల్లెల్లో ప్రతి మందుల షాపులో దొరకదు.

తర్వాత మూడో నెలలో ఎంఆర్ఐ, హార్మోన్ పరీక్షలు, ఫీల్డ్ టెస్ట్ అంటారు. ఆపైన డాక్టరు చెప్పినట్టు ఏడాదికోసారి. గడ్డ మళ్లీ రావచ్చు కాబట్టి బాగున్నాం కదా అని మానొద్దు. తీసిన ముక్క బయాప్సీ రిపోర్టు ఫైల్లో ఉందో లేదో చూసుకోండి, చాలామంది దాన్ని తీసుకోవడమే మర్చిపోతారు.

చివరగా ఒక చీటీ రాయించండి. ఇంగ్లీషులో, డాక్టరు చేత, స్టాంపు వేయించి. దానికి నాలుగు జిరాక్సులు: ఒకటి మనిషి పర్సులో, ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి మీ ఫోన్లో ఫోటోగా, ఒకటి ఊళ్లో మామూలుగా చూపించుకునే డాక్టరు దగ్గర. అందులో ఉండాల్సింది ఇంతే: ఈమెకి పిట్యూటరీ ఆపరేషన్ అయింది, ఫలానా తేదీన, ఫలానా ఆస్పత్రిలో. ఒంట్లో కార్టిసోల్ తయారవదు. వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం ఉంటే ముందు హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి గానీ కండకి గానీ ఇవ్వండి. సోడియం, షుగరు చూడండి. సోడియం తెలియకుండా గ్లూకోజ్ బాటిల్ పెట్టొద్దు. కింద సర్జన్ గారి నంబరు, ఎండోక్రైనాలజిస్టు నంబరు, మీ నంబరు.